ఆకాశంలో నీలం కరిగిపోయేలా అచ్చు వేయడం ఎలా: జపాన్ చెక్క అచ్చుల పద్ధతి

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన ఫూజీ కొండ అచ్చు బొమ్మలు చూసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. ఆకాశం పై అంచున చిక్కటి నీలం, కిందికి వచ్చేసరికి ఎక్కడ అయిపోయిందో తెలియకుండా తెల్లకాగితంలో కలిసిపోతుంది. చెక్క అచ్చు అన్నాక రంగు పడితే పడాలి, లేకపోతే లేదు. ఈ కరగడం ఎలా వచ్చింది? చెక్కనే వాలుగా చెక్కుతారా?

చెక్క అంచులు నున్నగా దింపి చేసే పద్ధతి ఒకటి ఉన్నమాట నిజమే. కానీ ఈ ఆకాశాల్లో మీరు చూస్తున్నది మాత్రం అది కాదు. అక్కడ చెక్క చదునుగానే ఉంటుంది. రంగును ఆ చెక్క మీదే, ప్రతి అచ్చుకీ ముందు, తడిగుడ్డతోనూ బ్రష్‌తోనూ దించుతారు. జపాన్‌లో దీన్ని బొకాషి అంటారు. బొమ్మ గీసింది హొకుసాయో హిరొషిగెయో కావచ్చు. ఈ నీలాన్ని దించినవాడు మాత్రం అచ్చు వేసే పనివాడు. మామూలుగా బొమ్మ మీద అతని పేరు ఉండదు.

ఇంట్లో, పోస్టుకార్డు సైజులో, ఒకే చెక్కతో ఇది ఎలా చేయాలో చెబుతాను. బొమ్మ చాలా చిన్నది: నీలి ఆకాశం, అందులోకి పొడుచుకొచ్చిన ఒక తెల్ల కొండ. మొదటిసారి చేస్తున్నవాళ్ళు ఇంతకు మించి పెట్టుకోవద్దు.

ఏ నీలం?

కథ రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే రంగు ఎంపిక దీని మీదే ఆధారపడింది. 18వ శతాబ్దపు జపాన్ అచ్చుల్లో నీలం కోసం ఒక గడ్డిపూవు రంగు, లేదా నీలిమొక్క రంగు వాడేవారు. పూల రంగు వెలుతురుకు వెలిసిపోతుంది, తడి తగిలితే పోతుంది. నీలిమొక్క రంగు నిలుస్తుంది గానీ కాస్త మందకొడిగా ఉంటుంది, పలచగా దించితే జీవం తగ్గుతుంది. 1700 తర్వాత కొద్ది ఏళ్ళకే బెర్లిన్‌లో ఎర్ర రంగు చేయబోతుంటే అనుకోకుండా ఒక నీలం తయారైంది. అదే ప్రష్యన్ బ్లూ. డచ్చి ఓడల్లో కొద్దికొద్దిగా నాగసాకి చేరింది. (అదే డచ్చివాళ్ళు మన కోరమాండల్ తీరంలో కొన్న అద్దకం బట్టల్ని కూడా జపాన్‌కు చేర్చారు. అక్కడ వాటిని సరాసా అన్నారు.) 1820ల చివరికి చైనా నుంచి చౌకగా రావడం మొదలయ్యాక ఎదో (ఇప్పటి టోక్యో) పట్టణంలోని ప్రచురణకర్తలు దాని వెంట పడ్డారు. బెర్లిన్ నీలం అనే అర్థంలో దానికి బెరో-ఐ అని పేరు పెట్టారు. హొకుసాయ్ ఫూజీ కొండ బొమ్మల వరుస 1830 ప్రాంతంలో మొదలైంది. అందులో మొదట వచ్చిన బొమ్మల్లో గీతలు కూడా నలుపు కాదు, నీలమే. కాజికాజవా దగ్గర చేపలు పట్టేవాడి బొమ్మ తొలి ప్రతులు దాదాపు మొత్తం నీలంతోనే ఉంటాయి.

ఈ రంగుకు ఇంత గిరాకీ ఎందుకంటే, చాలా కొంచెం వేసినా గాఢంగా పడుతుంది, నీళ్ళు కలిపేకొద్దీ పలచబడుతుంది తప్ప మురికిగా మారదు. బొకాషికి కావలసింది సరిగ్గా అదే.

కాబట్టి ట్యూబులో దొరికే వాటర్ కలర్ ప్రష్యన్ బ్లూ కొనండి. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో పీబీ 27 అని ఉందో లేదో చూడండి. పేరు పక్కన ‘హ్యూ’ అని ఉంటే అది వేరే నీలాలు కలిపి ఆ ఛాయ తెచ్చింది. దానితో పని జరగదని కాదు గానీ, పలచబరిచినప్పుడు తేడా తెలుస్తుంది.

ఇంకో ప్రశ్న కూడా తరచూ వస్తుంది: "ఇంట్లో నీలిమందు ఉందండీ, సరిపోతుందా?" మన భాషలో నీలిమందు అంటే రెండు అర్థాలు, గొడవంతా అక్కడే. నీలిమొక్క నుంచి తీసిన అద్దకం రంగు అయితే మెత్తగా నూరి ప్రయత్నించవచ్చు. తెల్లబట్టలకు పెట్టే సీసా నీలం అయితే వద్దు. అది నీళ్ళలో పూర్తిగా కరిగే అద్దకం, తడి కాగితంలో ఇష్టం వచ్చినట్టు పాకిపోతుంది. పోస్టర్ కలర్ కూడా వద్దు. అందులో కలిపే తెల్ల పొడి వల్ల కాగితం తెలుపు రంగులోంచి పైకి కనబడదు.

కావలసినవి

- చెక్క: 12×18 సెంటీమీటర్ల ప్లైవుడ్ ముక్క. జపాన్‌లో నేర్చుకునేవాళ్ళు షినా అనే మెత్తటి ప్లైవుడ్ వాడతారు, పాత పనివాళ్ళు అడవి చెర్రీ చెక్క వాడేవారు. మనకు బిర్చ్ ప్లైవుడ్ సులువు. ఎండీఎఫ్ తీసుకోవద్దు, నీళ్ళు తాగి ఉబ్బుతుంది. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి కూడా ఈ పనికి మరీ మెత్తన.
- కాగితం: జపాన్ కొజో కాగితం దొరికితే మంచిది. లేకపోతే పొడవైన నార ఉన్న నేపాలీ చేతికాగితం. జెరాక్స్ కాగితం తడిస్తే చిరుగుతుంది.
- బియ్యప్పిండి: ఒక చెంచా.
- బ్రష్: గుర్రపు వెంట్రుకల బూట్ పాలిష్ బ్రష్, కొత్తది. అడ్డంగా ఒక జానెడైనా ఉండక్కర్లేదు, ఆరేడు సెంటీమీటర్లు చాలు. ప్లాస్టిక్ కుచ్చు ఉన్నది నీళ్ళు పట్టుకోదు.
- బారెన్: కాగితం వెనక రుద్దడానికి, వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్ళ. లేకపోతే వెడల్పాటి చెక్క గరిటె వీపు, లేదా స్టీలు చెంచా వీపు. చెంచా అయితే కాగితం మీద బేకింగ్ పేపర్ ఒకటి వేసి రుద్దాలి.
- ఒక పదునైన కత్తి, ఒక అరగుండ్రం ఉలి, ఒక చదును ఉలి.
- రెండు నూలు గుడ్డలు, నీళ్ళు చల్లే స్ప్రే సీసా, పాత వార్తాపత్రికలు, పాలిథీన్ సంచి, ఒక చదునైన పలక.

పని

1. బొమ్మ గీసుకోండి. చెక్క మీద 10×15 సెంటీమీటర్ల చట్రం గీయండి. కింద అంచు వైపు చెక్క కొంచెం ఎక్కువ మిగలాలి, ఎందుకో మూడో మెట్టులో తెలుస్తుంది. కొండ కొమ్ము ఎత్తులో పెట్టండి, పైనుంచి మూడో వంతు దాకా రావాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఆకాశం కిందికి వచ్చేసరికి తెల్లబడుతుంది, కొండ కూడా తెలుపే. కొండ పొట్టిగా ఉంటే తెలుపులో తెలుపు కలిసి ఏమీ కనిపించదు. కొమ్ము నీలంలో ఉండాలి, పాదాలు తెలుపులో కలిసిపోవాలి. అప్పుడు కింద మంచు పట్టినట్టు ఉంటుంది. రెండువైపులా ఒకేలా ఉన్న కొండ అయితే అద్దంలో తిరగబడినా బాధలేదు. మీ ఊరి కొండే గీయాలనుకుంటే ట్రేసింగ్ కాగితం బోర్లించి దింపుకోండి.

2. చెక్కండి. కొండ గీత వెంట కత్తితో ముందు గాటు పెట్టండి. తర్వాత లోపలి భాగం ఉలితో తీసేయండి. గీత పక్కన రెండు మిల్లీమీటర్ల లోతు చాలు, మధ్యలో ఇంకాస్త లోతు కావాలి. లేకపోతే తడి కాగితం కిందికి వంగి గుంతలోని రంగును అంటించుకుంటుంది. చట్రం బయట కూడా ఒక సెంటీమీటరు మేర తీసేయండి.

3. కెంతో గుర్తులు చెక్కండి. కాగితం ప్రతిసారీ ఒకే చోట కూర్చోవడానికి ఇవి. కుడివైపు కింద మూలలో ఎల్ ఆకారంలో ఒక గాడి, అదే కింద అంచున ఎడమవైపుగా ఒక అడ్డ గాడి. లోతు ఒక మిల్లీమీటరుకు మించి అక్కర్లేదు. పెడనలో అద్దకం చూసినవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ గుడ్డ కింద పరిచి, అచ్చును పైనుంచి అద్దుతారు. ఇక్కడ చెక్క కింద కదలకుండా ఉంటుంది, కాగితమే వచ్చి దాని మీద పడుకుంటుంది. అందుకే గుర్తులు చెక్కలోనే ఉండాలి.

4. ముందురోజు సాయంత్రం కాగితం తడపండి. ఒక వార్తాపత్రికను నీళ్ళు చల్లి తడపండి, దాని మీద రెండు మూడు అచ్చు కాగితాలు, మళ్ళీ తడి పత్రిక, మళ్ళీ కాగితాలు. ఇలా పేర్చి పాలిథీన్‌లో చుట్టి పలక కింద పెట్టండి. పొద్దున చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి, పైన నీటి మెరుపు ఉండకూడదు. మెరుస్తుంటే పొడి పత్రికల మధ్య ఒక గంట ఉంచండి. వానాకాలంలో అలాగే రెండు మూడు రోజులు వదిలేస్తే బూజు పడుతుంది. పని వాయిదా పడితే కట్టను ఫ్రిజ్‌లో పెట్టండి. కాగితాలు పన్నెండైనా తడపండి, ఎందుకంటే మొదటి నాలుగైదు ఎలాగూ పోతాయి.

5. జిగురు కాచండి. ఒక చెంచా బియ్యప్పిండిని ఆరు చెంచాల చల్లటి నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉండండి. తెల్లదనం పోయి గాజులా మారగానే దించేయండి. చల్లారాక పలచటి పెరుగులా ఉండాలి, గట్టిపడితే నీళ్ళు కలపండి. ఫెవికాల్ వద్దు. ఆరాక చెక్క మీద పొరలా గట్టిపడి ఇక రాదు.

6. రంగు కలపండి. ట్యూబు నుంచి శనగగింజంత రంగుకు రెండు చెంచాల నీళ్ళు. చిక్కటి పాలలా ఉంటే చాలు. ప్రష్యన్ బ్లూ గిన్నెలో దాదాపు నల్లగా కనిపిస్తుంది. అది చూసి ఎక్కువైందనీ తక్కువైందనీ అనుకోవద్దు, కాగితం ముక్క మీద గీసి చూడండి. పొడి రంగు కొన్నవాళ్ళకు ఒక ఇబ్బంది: అది నీళ్ళలో తేలుతుంది, తడవదు. ముందు రెండు చుక్కల స్పిరిట్ వేసి నూరి, తర్వాత నీళ్ళు పోయండి. పొడి నూరేటప్పుడు మాస్కు పెట్టుకోండి. ఈ రంగును వేడి చేయొద్దు, యాసిడ్‌తో కలపొద్దు. అలా చేస్తే విషవాయువు వచ్చే ప్రమాదం ఉంది. వంటగిన్నెలూ వాడొద్దు.

7. ఫ్యాన్ ఆపండి. చిన్న మాటే గానీ, ఏప్రిల్‌లో హైదరాబాదులో ఫ్యాన్ కింద కూర్చుంటే చెక్క మీద రంగు అరనిమిషంలో ఆరిపోతుంది. ఆ తర్వాత ఎంత రుద్దినా కాగితానికి రాదు.

8. చెక్కను తడపండి. తడిగుడ్డతో ఆకాశం భాగమంతా తుడవండి. అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ తుడవండి. పొడి చెక్క రంగులోని నీళ్ళన్నీ తాగేస్తుంది. చివరిగా పిండిన గుడ్డతో ఒకసారి తుడిస్తే, చెక్క ముదురుగా ఉండాలి, పైన నీటి పొర మాత్రం ఉండకూడదు.

9. నీలం దించండి. ఇక అసలు పని.

బ్రష్‌ను నీళ్ళలో ముంచి గట్టిగా విదిలించండి. పట్టుకునే చోట ఒక వైపు టేపు ముక్క అంటించండి. ఆ వైపు ఎప్పుడూ రంగు వైపు, రెండోది ఎప్పుడూ నీటి వైపు. పని మధ్యలో బ్రష్ తిరగబడిందా, ఆ అచ్చు పోయినట్టే.

చెక్కను ఆకాశం పై అంచు మీకు దూరంగా ఉండేలా పెట్టుకోండి. ఆ అంచు పొడుగునా మూడు చోట్ల రంగు చుక్కలు పెట్టండి. వాటి పక్కన బియ్యపుగింజంత జిగురు ఒకటి రెండు చోట్ల. బ్రష్ రంగు వైపును పై అంచుకు ఆనించి, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, చివరిదాకా లాగండి. మధ్యలో ఆపకూడదు. మూడు నాలుగు సార్లకు రంగూ జిగురూ కలిసిపోతాయి. తర్వాత ఒక వేలెడు కిందికి జరిగి అదే అడ్డ కదలిక. ఇంకో వేలెడు. కిందికి వచ్చేకొద్దీ చెయ్యి తేలికపడాలి. ఆకాశంలో సగం దాటాక ఆపేయండి. మిగతా సగం తడి చెక్కే. అక్కడ రంగు ఎక్కడైనా పడి ఉంటే శుభ్రమైన తడిగుడ్డతో ఒక్కసారి అడ్డంగా తుడవండి.

గుర్తుంచుకోవాల్సింది: బ్రష్ ముదురు నుంచి లేతకే ప్రయాణం చేయాలి. కింద ఏదో సరిచేయబోయి మళ్ళీ పైకి వెళ్ళి, రంగు తీసుకుని కిందికి రావద్దు. కింద బాగాలేకపోతే గుడ్డతో మొత్తం తుడిచేసి మొదటి నుంచి చేయండి. అయ్యేది ఒక నిమిషం పని.

10. అచ్చు వేయండి. కాగితం కుడి మూలను ఎల్ గాడిలో బొటనవేలితో నొక్కి పట్టుకోండి, ఎడమవైపు అంచును రెండో గాడికి ఆనించండి, మిగతాది మెల్లగా వదలండి. ఒకసారి పడ్డాక జరపొద్దు. బారెన్‌తో ముదురు భాగం దగ్గర మొదలుపెట్టి చిన్నచిన్న అడ్డగీతలుగా అంతా రుద్దండి. ముదురు భాగంలో బరువు ఎక్కువ వేయండి, లేత భాగంలో తగ్గించండి. ఒక మూల పట్టుకుని ఎత్తి చూడండి. రంగు చాలకపోతే అలాగే దించి మళ్ళీ రుద్దవచ్చు.

11. రెండో పొర వేయండి. ఒక్క అచ్చుతో హొకుసాయ్ నీలం రాదు. అదే కాగితాన్ని, ఇంకా తడిగా ఉండగానే, అవే గుర్తుల్లో పెట్టి మళ్ళీ వేయాలి. ఈసారి నీలాన్ని మొదటిసారి కన్నా పైనే ఆపండి. మూడోసారి పై అంచున రెండు వేళ్ళ వెడల్పు మాత్రమే. బొమ్మ పై అంచున తిన్నగా కనిపించే ఆ ముదురు పట్టీని ఇచిమొంజి బొకాషి అంటారు. ‘ఒకటి’ అనే అంకెను జపాన్‌లో అడ్డగీతలా రాస్తారు, ఆ పేరు అందుకే. హిరొషిగె ఎదో దృశ్యాల్లో దీన్ని వెతకండి, ఎక్కడ చూసినా కనిపిస్తుంది.

12. ఆరబెట్టండి. పొడి అట్టల మధ్య పెట్టి పైన బరువు ఉంచండి, రోజుకొకసారి అట్టలు మార్చండి. దండెం మీద వేలాడదీస్తే వంకర్లు పోతుంది.

ఎక్కడ చెడుతుంది

*నీలం మీద తెల్లటి చుక్కలు, నువ్వులు చల్లినట్టు.* జపాన్‌లోనూ దీన్ని నువ్వుల పేరుతోనే పిలుస్తారు, గోమా-జురి అని. కొందరు కావాలనే అలా వేస్తారు కూడా. మీకు వద్దనుకుంటే జిగురు కొద్దిగా పెంచండి, లేదా గట్టిగా రుద్దండి. కాగితం మరీ పొడిగా ఉన్నా ఇదే జరుగుతుంది.

*కాగితం చెక్కకు అంటుకుని నార లేస్తోంది, లేదా నీలం జిడ్డుగా మెరుస్తోంది.* జిగురు ఎక్కువైంది. కొత్తవాళ్ళు నూటికి తొంభై మంది జిగురు ఎక్కువే వేస్తారని నా అనుమానం.

*నీలం ముగిసే చోట గీత.* ఇదే అందరినీ ఏడిపించేది. చెక్క కింది సగం ఆరిపోయి ఉంటుంది. రంగు తడి ఉన్నంతవరకే పాకి, పొడి మొదలైన చోట గట్టు కట్టి ఆగుతుంది. బ్రష్ మీద కాదు, గుడ్డ మీద శ్రద్ధ పెట్టండి. దీనికి ఎదురుగా, అంచులు పువ్వులా విచ్చుకుని మరకలు పడితే చెక్క మీద నీళ్ళు నిలిచాయని అర్థం.

*కొండ అంచున నీలం గుమిగూడి ముద్దగా ఉంది.* బ్రష్ చెక్కిన గుంతలోకి దిగి, అంచును గీక్కుంటూ ఎక్కుతోంది. కొండ దగ్గర బ్రష్‌ను పడుకోబెట్టి, పైపైనే లాగండి. కాగితం వేసేముందు గుంత అంచును గుడ్డ చుట్టిన వేలితో ఒకసారి తుడవడం నాకు అలవాటు.

*కొండకు రెండు అంచులు కనిపిస్తున్నాయి.* పొరకూ పొరకూ మధ్య కాగితం ఆరి కుంచించుకుపోయింది. ఒక్కో కాగితం వేయగానే తిరిగి తడి పత్రికల మధ్య పెట్టేయండి.

*నీలం తుప్పు రంగుకు తిరిగింది.* ఇది నేను నా ఖర్చుతో నేర్చుకున్నాను. ఒకసారి బాగా కుదిరిన ఆరు అచ్చుల్ని, తడి ఆరకముందే, కొత్తగా సున్నం కొట్టిన గోడకు ఆనించి పెట్టాను. తెల్లారేసరికి గోడ తగిలిన చోటల్లా గోధుమరంగు మచ్చలు. ప్రష్యన్ బ్లూ క్షారానికి విరిగిపోతుంది, అందులోని ఇనుము తుప్పులా మిగులుతుంది. సున్నం, బట్టల సోడా, సబ్బునీళ్ళు దీనికి దూరంగా ఉంచాలి. బ్రష్‌ను ఉట్టి నీళ్ళతోనే కడగండి. ఫ్రేము కట్టించేటప్పుడు వెనక అట్ట మామూలు తటస్థ కాగితం అయితే మంచిది. ‘బఫర్డ్’ అని అమ్మే భద్రత కాగితాల్లో క్షారం కలుపుతారు, మిగతా బొమ్మలకు అది మేలు చేస్తుంది, దీనికి మాత్రం పనికిరాదు.

ఈ గుణాన్నే పరీక్షకు వాడుకోవచ్చు. మీ ట్యూబు అసలుదో కాదో అనుమానం ఉంటే, కాగితం ముక్క మీద నీలం పూసి ఆరనిచ్చి, కిళ్ళీ సున్నం తడిగా ఒక చుక్క పెట్టండి. కాసేపటికి గోధుమరంగు తిరిగితే ప్రష్యన్ బ్లూ. ఏమీ కాకపోతే వేరే నీలం.

బాగా వచ్చిందో లేదో చూడటం

ముందు కాగితం తిప్పి వెనక చూడండి. ముదురు భాగంలో నీలం వెనక్కి కాస్త దిగి, బారెన్ తిరిగిన జాడలు కనిపించాలి. వెనక ఉత్త తెల్లగా ఉంటే రంగు పైపైనే కూర్చుంది, వేలు రాస్తే వస్తుంది.

తర్వాత ఫోనులో బొమ్మ తీసి నలుపు తెలుపులోకి మార్చండి. రంగు మోజులో కంటికి దొరకని గీతలు అందులో దొరికిపోతాయి. బూడిదరంగు మెట్లుమెట్లుగా దిగుతుంటే వేలెడు వేలెడు జరగడంలో తొందరపడ్డారు. పైన ఒక అంగుళం నల్లగా ఉండి వెంటనే తెల్లబడితే నీళ్ళు తక్కువ.

చివరిగా, వేసిన అచ్చులన్నీ వరుసగా పరవండి. ఏ రెండూ ఒకేలా ఉండవు, దానికి టెన్షన్ పడొద్దు. 1857లో వచ్చిన హిరొషిగె బొమ్మ, అటాకె అనే చోట పడుతున్న వానది, దాని ప్రతులు పక్కపక్కన పెట్టి చూస్తే పైన మబ్బు ఒకదానిలో ఒకలా, ఇంకోదానిలో ఇంకోలా దిగి ఉంటుంది. వాటిలో మీకు నచ్చినదాన్ని ఎంచుకుని, దాని వెనక పెన్సిల్‌తో రంగు ఎన్ని చుక్కలు పెట్టారో, ఎన్నిసార్లు వేశారో రాసుకోండి. చెక్కను ఉట్టి నీళ్ళతో తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. ఎండలో పెడితే వంగిపోతుంది.